నాలుగు గోళ్లు, మూడు కారణాలు: ఒక బొగ్గుబాయి కార్మికుడి కేసు

కాలిగోళ్ల కోసమే పనిగట్టుకుని డాక్టర్ దగ్గరికి వచ్చేవాళ్లు తక్కువ. హనుమకొండలో నా చర్మవ్యాధుల క్లినిక్‌కి ఎక్కువమంది తామర కోసమో, జుట్టు రాలుతోందనో వస్తారు. చీటీ రాయించుకుని లేచి, తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి "సార్, ఈ గోరు కూడా జర చూడుండ్రి" అంటూ చెప్పు విడుస్తారు. అప్పటికి బయట పదిమంది కూర్చుని ఉంటారు. దూరం నుంచే ఓ చూపు చూసి "ఫంగస్" అని రాసేయడం చాలా తేలిక. నేనూ రాసేవాణ్ని.

మన వాడుకలో పాడైన గోరు ఏదైనా పిప్పిగోరే. పసుపుపచ్చగా మారినా, మందమైనా, పొడిపొడిగా రాలినా, వంకర తిరిగినా అదే మాట. డాక్టర్లం అందులో పిప్పిగోరు తీసేసి ఫంగస్ అని పెట్టాం, అంతే తేడా. నిజానికి చూడగానే బాగాలేవనిపించే కాలిగోళ్లలో ఫంగస్ వల్ల చెడినవి సుమారు సగమే. మిగతా సగానికి బూట్ల ఒరిపిడి, పాత దెబ్బలు, సోరియాసిస్, వయసు, రక్తప్రసరణ తగ్గడం, గోరు కింద ఎముక పెరగడం వంటి కారణాలుంటాయి.

ఈ కేసు రాయడానికి కారణం, ఇందులో ముందు చూసినవాళ్లు చేసిన పొరపాటు ఒకటుంది, దాన్ని దిద్దబోయి నేను చేసిన పొరపాటు ఇంకొకటుంది. రోగి అనుమతితో రాస్తున్నాను. గుర్తుపట్టే వీలు లేకుండా వయసు, కుటుంబం, ఊరి వివరాలు కొన్ని మార్చాను.

నేపథ్యం

యాభై దాటిన మనిషి. గోదావరి ఒడ్డున బొగ్గు గనుల ప్రాంతం. పాతికేళ్లకు పైగా అండర్‌గ్రౌండ్ పని, వాళ్ల మాటల్లో "బాయి పని". ఆరేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, కొలెస్ట్రాల్‌కి ఆటోర్వాస్టాటిన్, కడుపులో మంటకి రోజూ పొద్దున పాంటోప్రజోల్ వాడుతున్నాడు. బీడీ మానేసి చాలా ఏళ్లయింది. భార్యతో కలిసి బస్సులో వచ్చాడు. మాట్లాడింది ఎక్కువగా ఆమే.

"నాలుగేండ్లయె సార్. గోరు గోరులెక్క లేదు, బర్రె డెక్కలెక్క అయింది. బూటేస్తే నొస్తది, బూటెయ్యకుంటే డ్యూటీకి రానియ్యరు."

మొదటి రోజు నాకు కనిపించింది ఇది. రెండు కాళ్ల బొటనవేలి గోళ్లు మందంగా, పసుపు గోధుమ రంగులో ఉన్నాయి. కుడిది మరీ ఎక్కువ. పైకి లేచి పక్కకి ఒరిగి, గొర్రె పొట్టేలు కొమ్ములా వంపు తిరిగింది. రెండు పాదాల్లోనూ రెండో వేలి గోళ్లు కూడా మందంగా ఉన్నాయి, కుడి రెండో వేలి గోరు కింద నల్లటి మచ్చ ఉంది. మిగతా ఆరు గోళ్లు దాదాపు మామూలే. గోళ్ల మీద అక్కడక్కడా ఎర్రగా గోరింటాకు రంగు. గోరింటాకు పెడితే పిప్పిగోరు తగ్గుతుందని ఆమె నెలనెలా నూరి పెట్టిందట. ఎవరికీ హాని లేదు కానీ, రంగు చూసి నిర్ణయం తీసుకోవాల్సిన నాకు మాత్రం ఇబ్బందే. అంచులు అరగదీసి చూడాల్సి వచ్చింది.

నా దగ్గరికి రాకముందు

పాత చీటీలు ఒక ప్లాస్టిక్ కవర్లో భద్రంగా తెచ్చారు. వరసగా పేర్చి చదివితే నాలుగేళ్ల కథ తెలిసింది.

మొదట మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు. అందులో ఫంగస్ మందుతో పాటు స్టెరాయిడ్ కూడా ఉంది. మందమైన గోరు గుండా పైపూత ఎలాగూ లోపలికి దిగదు. స్టెరాయిడ్ ఉన్న పూత చుట్టుపక్కల చర్మంలో ఫంగస్‌ని దాచిపెడుతుంది. ఎరుపు తగ్గుతుంది, దురద తగ్గుతుంది, ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది.

తర్వాత టెర్బినఫిన్ 250 మిల్లీగ్రాముల గోలీ, రోజుకొకటి. నెల రోజులు వాడి మానేశాడు. "ఏం ఫరక్ రాలె సార్" అన్నాడు. రాదు కూడా. కాలి బొటనవేలి గోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లే పెరుగుతుంది. చేతి గోరుతో పోలిస్తే సగం వేగం. మొత్తం గోరు కొత్తగా రావాలంటే ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. కాలిగోళ్ల ఫంగస్‌కి టెర్బినఫిన్ వరసగా 12 వారాలు వాడాలి, ఆ 12 వారాల చివర కూడా గోరు చూడటానికి పాతగానే ఉంటుంది. ఈ మాట ముందే చెప్పకపోతే ఏ రోగి అయినా నెలకే మానేస్తాడు. ఆయన తప్పేమీ లేదు.

అన్నిటికన్నా చివరిది ఇట్రాకొనజోల్, ఇదీ ఫంగస్ మందే. నెలలో ఒక వారం పొద్దున, సాయంత్రం చొప్పున, రెండు నెలలు. ఈ క్యాప్సూల్ కడుపులో ఆమ్లం ఉంటేనే ఒంటికి పడుతుంది, అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. ఆయన పొద్దున పరగడుపున పాంటోప్రజోల్‌తో కలిపి వేసుకున్నాడు. ఆమ్లాన్ని ఆపే మందు, ఆమ్లం కావాల్సిన మందు ఒకే గుక్కలో. దానికి తోడు ఆటోర్వాస్టాటిన్ కూడా నడుస్తోంది. ఇట్రాకొనజోల్‌తో కలిస్తే అది రక్తంలో పెరిగిపోయి కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఒంట్లోకి సరిగా పోకపోవడమే ఆ రెండు నెలలు ఆయన్ని కాపాడి ఉండొచ్చు.

మిగిలినది, ఇట్రాకొనజోల్ కన్నా చాలా ముందే ఒకచోట కుడి బొటనవేలి గోరు మత్తిచ్చి పీకేశారు. పుండు ఆరడానికి రెండు నెలలు పట్టింది. తర్వాత వచ్చిన గోరు అంతకుముందుకన్నా మందంగా, వంకరగా వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

ఇన్ని చీటీల్లో ఎక్కడా ఒక్క గోరు ముక్క కూడా ల్యాబుకి వెళ్లినట్టు లేదు. ఏ డాక్టర్ని తప్పుపట్టాలని ఇది రాయడం లేదు. వందమంది ఓపీలో సూక్ష్మదర్శిని దగ్గర కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు. కానీ నాలుగేళ్లు నాలుగు వైద్యాలు జరిగింది రోగానికి కాదు, ఒక అంచనాకి.

మొదటి రోజు నేను ఆలోచించినది

ముందు కాళ్ల సంగతి తర్వాత గోళ్ల సంగతి. షుగర్ ఉన్న మనిషి గోరు ముట్టుకునే ముందు రక్తప్రసరణ, స్పర్శ చూడాలి. పాదం పైనా, చీలమండ పక్కనా నాడి రెండు కాళ్లలోనూ బాగా అందింది. స్పర్శ చూసే సన్నటి నైలాన్ పోగు, 10 గ్రాముల మోనోఫిలమెంట్‌తో చూస్తే కుడి బొటనవేలి కింద, దాని వెనక మెత్తన కింద స్పర్శ తెలియలేదు. ఇది నన్ను కొంచెం భయపెట్టింది. ఎందుకంటే ఆయన గోరు మందమైనప్పుడల్లా గడ్డం గీసుకునే బ్లేడుతో తనే కోసుకుంటున్నాడు.

తర్వాత చేతిగోళ్లు చూశాను. కాలిగోళ్ల కేసులో చేతిగోళ్లు చూడకపోతే సోరియాసిస్ తప్పిపోతుంది. సూదితో పొడిచినట్టు గుంటలు, నూనె చుక్క పడ్డట్టు మచ్చలు లేవు. తలలో, మోచేతుల మీద, నడుము కింద పొలుసులు లేవు. కీళ్ల నొప్పులు లేవు. సోరియాసిస్ పక్కన పెట్టాను.

నల్ల మచ్చ దగ్గర ఆగాను. గోరు కింద నలుపంటే నాలుగు రకాల ఆలోచనలు వస్తాయి. గడ్డకట్టిన రక్తం, ఫంగస్ రంగు, మెలనోమా అనే క్యాన్సర్. ఈయన విషయంలో నాలుగోది కూడా ఉంది. బొగ్గు పొడి గాయంలోకి దిగి చర్మం కింద పచ్చబొట్టులా మిగిలిపోవడం గని కార్మికుల్లో కనిపిస్తుంది. మెలనోమా అయితే సాధారణంగా గోరు మొదలు నుంచి కొస దాకా నిలువు పట్టీలా ఉంటుంది, వెడల్పు పెరుగుతుంది, కొన్నిసార్లు గోరు మొదట్లో చర్మం మీదికి కూడా నలుపు పాకుతుంది. ఇక్కడ పట్టీ లేదు. చర్మాన్ని, గోటిని పెద్దది చేసి చూపే డెర్మోస్కోప్‌లో ఎరుపు ఊదా రంగు గుండ్రటి చుక్కలు కనిపించాయి. రక్తమే అనిపించింది. అయినా నమ్మకానికి ఒక ఫొటో తీసి, మచ్చ వెనక అంచు దగ్గర గోరు మీద ఆకురాయితో సన్నటి అడ్డగీత గీశాను. రక్తమైతే గోరుతో పాటు ముందుకు జరగాలి. చోటు కదలకుండా ఉంటే, లేదా గీత దాటి వెనక్కి వస్తే, ముక్క తీసి పరీక్షకి పంపాలి. రెండు నెలల తర్వాత చూస్తే మచ్చ మూడు మిల్లీమీటర్లు ముందుకు జరిగింది, దాని వెనక గోరు శుభ్రంగా ఉంది. ఆ టెన్షన్ అక్కడితో తీరింది.

అప్పుడు బూట్లు అడిగాను. నా టేబుల్ మీద పెట్టడానికి ఆయన మొహమాటపడ్డాడు. లోపలి అట్ట బయటికి లాగి దాని మీద నిలబడమన్నాను. రెండు రెండో వేళ్లూ అట్ట అంచు మీదికి వచ్చాయి. ఆయనకి బొటనవేలి కన్నా రెండో వేలు పొడుగు. పాతికేళ్ల కిందట చెప్పిన సైజే ఇప్పటికీ చెబుతున్నాడు. వయసుతో పాదం పొడుగూ వెడల్పూ పెరుగుతాయని మనలో ఎవరికి తడుతుంది? బూటు ముందు భాగంలో ఇనుప టోపీ ఉంటుంది, తోలులా అది సాగదు.

"లేసులు ఎట్ల కడతవన్నా?" అని అడిగాను.

"కట్టుడేంది సార్, ఎప్పుడో ఒకసారి కట్టిన. వదులుగనే ఉంచుత. డ్యూటీ దిగంగనే జర్రున గుంజేస్త."

ఈ ఒక్క జవాబుతో నాకు సగం కేసు అర్థమైంది. బాయిలోకి దిగే దారి చాలాచోట్ల వాలుగా ఉంటుంది. ఆ వాలు దారినే ఇంక్లైన్ అంటారు. లేసులు వదులుగా ఉంటే దిగేటప్పుడు పాదం బూటులో ముందుకు జారి, ప్రతి అడుగుకీ వేళ్ల కొసలు ఇనుప టోపీకి కొట్టుకుంటాయి. వదులు బూటు వేళ్లకి సుఖమనుకుంటాం, వాలు మీద మాత్రం బిగుతు బూటు చేసే పనే వదులు బూటూ చేస్తుంది. స్పర్శ తగ్గిన కాలికి ఆ దెబ్బలు తెలియవు కూడా.

నేను తప్పిన చోటు

బూటు దొరికిన సంతోషంలో తప్పు చేశాను.

పరీక్ష చేయలేదని కాదు. చేశాను. కుడి బొటనవేలి గోరు అన్నిటికన్నా మందంగా ఉంది, పొడి బాగా రాలుతుంది, గీకడం తేలిక. దాని కొస నుంచి గీకిన పొడి 20 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి సూక్ష్మదర్శిని కింద చూశాం. ఫంగస్ దారాలు కనిపించలేదు. కల్చర్‌కి కూడా పంపాం, నాలుగు వారాలకి ఏమీ పెరగలేదని వచ్చింది. నేను చీటీ మీద "ఫంగస్ లేదు, బూటు ఒరిపిడి వల్ల గోరు మార్పులు" అని రాసి కింద గీత కూడా గీశాను.

ఇందులో మూడు లోపాలున్నాయి. ఒకటి, ఆయన ఇట్రాకొనజోల్ మానేసి అప్పటికి మూడు వారాలే. అరకొరగా పడినా మందు గోట్లో నెలల తరబడి నిలిచి ఉంటుంది, అది ఉండగా పరీక్ష తప్పుగా నెగెటివ్ రావచ్చు. రెండు, కొసలో ఉన్నది చచ్చిన పొడి. బతికున్న ఫంగస్ మొదలు వైపు, మంచి గోరూ చెడ్డ గోరూ కలిసే అంచు దగ్గర ఉంటుంది. అక్కడి దాకా కత్తిరించుకుంటూ వెళ్లి తీయాలి. మూడోది అన్నిటికన్నా పెద్దది. నాలుగు గోళ్లు చెడితే ఒక్క గోరు పరీక్షించి నాలుగింటికీ తీర్పు రాశాను. రెండో వేళ్ల గోళ్లకి కారణం కళ్ల ముందు అంత స్పష్టంగా దొరికేసరికి, దాన్నే బొటనవేళ్లకీ అంటగట్టాను.

వైద్యం ఏం చేశానంటే, ఒక సైజు పెద్ద, వెడల్పు బూట్లు తీసుకోమన్నాను. నిలబడినప్పుడు పొడుగు వేలికి ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి, లేసు చీలమండ దగ్గర గట్టిగా బిగించాలి, అప్పుడే పాదం వెనక్కి ఆనుకుని ఉంటుంది. మందమైన గోళ్లకి 40 శాతం యూరియా లేపనం రాత్రి పూసి పట్టీ వేయడం, మెత్తబడ్డాక నెలకోసారి క్లినిక్‌లో అరగదీయడం. బ్లేడు బంద్. టిఫిన్ సంచిలో రెండో జత సాక్సులు పెట్టుకుని, మొదటివి తడిస్తే షిఫ్ట్ మధ్యలో మార్చుకోవడం.

ఐదు నెలల తర్వాత

నొప్పి బాగా తగ్గింది. రెండో వేళ్ల గోళ్లు మొదట్లోంచి పల్చగా, మామూలు రంగులో వస్తున్నాయి. బొటనవేళ్లలో మాత్రం మార్పు లేదు. ఎడమది ఇంకొంచెం చెడినట్టే ఉంది.

నిజం చెప్పాలంటే, నా మొదటి ఆలోచన ఆయన పాత బూట్లే వేసుకుంటున్నాడేమో అని. మన వైద్యం పనిచేయనప్పుడు రోగిని అనుమానించడం మనకి సులువు. భార్య మాట కలపకపోతే ఆ దారినే పోయేవాణ్ని.

"బూట్లు కొత్తవే సార్, నేనే కొనిచ్చిన. గని మనుమడికి నడుము కాడ తామర లేసింది, జర చూడుండ్రి."

పిల్లవాడి నడుము మీద గుండ్రటి తామర మచ్చ. ఇంట్లో అందరికీ ఒకే తువ్వాల. తాత ఒళ్లోనే పడుకుంటాడు. అప్పుడు తాత అరికాళ్లు మళ్లీ చూశాను. మొదటి రోజు "పొడి చర్మం" అని రాసుకున్న చోట, గీతల వెంట పిండి చల్లినట్టు సన్నటి పొట్టు, అరికాలి నుంచి పాదం పక్కల దాకా, చెప్పు అచ్చు వేసినట్టు. అరికాలి ఫంగస్ ఇలాగే ఉంటుంది. దురద పెద్దగా ఉండదు, అందుకే ఎవరూ చెప్పరు. నాలుగో, ఐదో వేళ్ల మధ్య సందులో చర్మం నాని తెల్లబడింది.

ఎడమ బొటనవేలి గోరు మీద డెర్మోస్కోప్ పెట్టాను. బూటు ఒరిపిడికి లేచిన గోరైతే చెడ్డ భాగానికీ మంచి భాగానికీ మధ్య అంచు నున్నగా, తిన్నగా ఉంటుంది. ఇక్కడ రంపపు పళ్లలా ఉంది, పసుపు తెలుపు గీతలు మొనదేలి మొదలు వైపు దూసుకుపోతున్నాయి. ఇది మొదటి రోజు కూడా ఉండే ఉంటుంది. డెర్మోస్కోప్ చేతిలో ఉంది, నేను నల్ల మచ్చ చూసి పెట్టేశాను.

ఈసారి నాలుగు గోళ్లకి నాలుగు వేరు వేరు డబ్బాలు. ఒక్కో గోరూ వీలైనంత వెనక దాకా కత్తిరించి, అంచు కింది పొడి తీసి, కొంత పొటాషియం హైడ్రాక్సైడ్‌కి, కొంత కల్చర్‌కి, కత్తిరించిన ముక్క ఫార్మలిన్‌లో పెట్టి పీఏఎస్ అనే రంగు పరీక్షకి. గోరు ఫంగస్‌ని పట్టడంలో ఈ మూడిట్లో పీఏఎస్ ఎక్కువ నమ్మదగినది. పథాలజీ ల్యాబు ఉన్న ఏ పట్నంలోనైనా అవుతుంది, మనం ముక్క పంపడమే ఆలస్యం.

ఎడమ బొటనవేలు మూడింట్లోనూ పాజిటివ్. కల్చర్‌లో ట్రైకోఫైటాన్ రూబ్రమ్ అనే ఫంగస్ పెరిగింది. కుడి బొటనవేలు నెగెటివ్. రెండో వేళ్లు రెండూ నెగెటివ్. మొదటి రోజు నేను గీకింది సరిగ్గా ఫంగస్ లేని గోరునన్నమాట.

కుడి గోరు కథ

మరి కుడి బొటనవేలికి ఏమైంది? గోళ్ల గురించి ఎన్నిసార్లు అడిగినా రాని జవాబు "ఈ వేలికి ఎప్పుడన్నా దెబ్బ తాకిందా?" అని వేలు పట్టుకుని అడిగితే వచ్చింది. పద్దెనిమిదేళ్ల కిందట బాయిలో సపోర్టు దుంగ జారి ఆ వేలి మీద పడింది. గోరు ఊడిపోయింది, మళ్లీ వచ్చింది. "అది అప్పటిముచ్చట గద సార్" అన్నాడు.

గోరు పుట్టే చోటు వేలి చర్మం కింద, మనకి కనిపించే గోరుకి వెనక ఉంటుంది. దాన్ని అచ్చు అనుకోండి. అచ్చు మీద గీత పడితే అందులోంచి వచ్చే ప్రతి ఇటుకకీ ఆ గీత ఉంటుంది. మొదటి దెబ్బకి అచ్చు కొంత చెడింది, బూటు ఒరిపిడి పద్దెనిమిదేళ్లు దాన్ని ఇంకొంత చెడగొట్టింది, గోరు పీకినప్పుడు మిగిలినది కూడా దెబ్బతిని ఉంటుంది. అందుకే పీకిన తర్వాత వచ్చినది అంతకన్నా అధ్వానంగా వచ్చింది.

ఎక్స్‌రే తీయించాను. ఒక్క వేలి గోరు మాత్రమే పైకి లేస్తుంటే కింద ఎముక ముడి పెరిగిందేమో చూడాలి. అది ఉంటే ఎన్ని గోలీలు మింగినా, ఎన్ని బూట్లు మార్చినా ప్రయోజనం ఉండదు, ఎముకల డాక్టర్ తీసేయాలి. ఎముక ముడి లేదు. వేలి కొస ఎముక ఎప్పుడో విరిగి అతుక్కున్న ఆనవాలు మాత్రం ఉంది. ఆ రోజుల్లో కట్టు కూడా కట్టించుకోలేదట.

ఏది పనిచేసింది

ఎడమ గోరుకి, అరికాళ్లకి టెర్బినఫిన్ 250 మిల్లీగ్రాములు రోజుకొకటి, 12 వారాలు. మళ్లీ అదే మందెందుకని ఆయనే అడిగాడు. న్యాయమైన ప్రశ్న. అప్పుడు నెలకే ఆపారు, కాబట్టి ఆ మందు ఓడిపోయిందని చెప్పలేం. ఇట్రాకొనజోల్ నేను ఎంచుకోకపోవడానికి కారణం ఆటోర్వాస్టాటిన్, పాంటోప్రజోల్. షుగర్ ఉన్న మనిషికి కొలెస్ట్రాల్ మందు ఆపి గోరు మందు ఇవ్వడం నాకు సబబనిపించలేదు. టెర్బినఫిన్‌కి ఆయన వాడే మందులతో పేచీ లేదు. మొదలుపెట్టే ముందు కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయించాను, ఆరు వారాలకి కాలేయం మళ్లీ. రెండూ బాగున్నాయి. నాలుక రుచి పోయినా, కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపి ఫోన్ చేయమన్నాను. మనదేశంలో కొన్నేళ్లుగా ఒంటి తామర టెర్బినఫిన్‌కి లొంగకపోవడం చూస్తున్నాం, అందుకే ఇది ఖాయంగా పనిచేస్తుందని నేను మాటివ్వలేదు.

అరికాళ్లకి, వేళ్ల సందులకి పూత మందు వేరే. మనుమడికి వైద్యం, ఎవరి తువ్వాల వారికి. పాత బూట్ల అట్టలు పారేసి, బూట్లు రెండు జతలు చేసి రోజు మార్చి రోజు ఎండలో పెట్టడం. షుగర్ చూసే డాక్టర్‌కి ఒక ఉత్తరం రాశాను, ఎందుకంటే మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 9 శాతం దాటి ఉంది. అది తగ్గకుండా ఏ గోరుకి ఏ మందిచ్చినా సగం పనే.

మందు మొదలైన రోజున ఎడమ గోరు మీద పసుపు రంగు మొదలయ్యే చోట ఆకురాయితో గీత పెట్టాను. నల్ల మచ్చకి పెట్టిన గీత లాంటిదే. 12 వారాలు అయ్యాక ఇద్దరూ నిరాశగా వచ్చారు. గోరు పసుపుగానే ఉంది. "పైసలన్ని దండుగైనట్టేనా సార్?" అన్నాడు. స్కేలు పెట్టి చూపించాను. గీత నాలుగు మిల్లీమీటర్లు ముందుకు జరిగింది. గీత జరగడం గొప్ప కాదు, గోరు పెరిగితే గీత జరుగుతుంది. గీత వెనక వచ్చిన ఆ నాలుగు మిల్లీమీటర్లలో పసుపు లేదు. మందు పనిచేసిందని చెప్పేది ఆ వెనక భాగం. గోలీలు ఆపేశాను. గోట్లో నిలిచిన మందు ఇంకా కొన్ని నెలలు పనిచేస్తుంది, మిగిలిన పసుపు గోరు పెరిగి కత్తిరింపులో పోవాల్సిందే. ఆ తర్వాత ఆయన ఒక్క అపాయింట్‌మెంట్ కూడా తప్పలేదు. ఆ గీత ఆయనకి కనబడటం, నేను రాసిన మందులన్నిటికన్నా ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం.

మధ్యలో మేడారం జాతర వచ్చింది. చెప్పుల్లేకుండా నడిచి మొక్కు తీర్చుకుంటానన్నాడు. బొటనవేలి కింద స్పర్శ లేని మనిషి జాతర దారిలో ఉత్త కాళ్లతో నడిస్తే ముల్లు గుచ్చుకున్నా తెలియదు. వద్దని గట్టిగా అంటే నాకు చెప్పకుండా నడుస్తాడు. చివరికి ఆయన భార్యే తీర్పు చెప్పింది: గద్దెల దగ్గర విడిచి, మిగతా దారంతా మెత్తటి చెప్పులతో. రాత్రికి పాదాలు తనే టార్చి వేసి చూసిందట. ఒక్క పొక్కు కూడా లేకుండా తిరిగొచ్చాడు.

కుడి గోరుకి ఏ గోలీ ఇవ్వలేదు. అచ్చు బాగుచేసే మందు లేదని ఉన్నదున్నట్టు చెప్పాను. రెండు దారులున్నాయి. ఒకటి, గోరు తీసేసి, పుట్టే చోటుని ఫినాల్‌తో కాల్చి మళ్లీ రాకుండా చేయడం. నాడి బాగుంది కాబట్టి చేయొచ్చు, కానీ షుగర్ అప్పటికి అదుపులో లేదు, పోయినసారి పుండు ఆరడానికి రెండు నెలలు పట్టింది. రెండోది, రెండు నెలలకోసారి వచ్చి అరగదీయించుకోవడం, జీవితాంతం. నేనైతే షుగర్ తగ్గాక మొదటిదే మేలనుకున్నాను. ఆయన రెండోది ఎంచుకున్నాడు. "మల్ల పీకుడు వద్దు సార్" అన్నాడు. ఒకసారి పీకించుకున్న మనిషితో వాదించలేదు.

పద్నాలుగు నెలలకి ఎడమ గోరు పూర్తిగా కొత్తది వచ్చింది. చివర్లో తీసిన ముక్కలో ఫంగస్ లేదు. రెండో వేళ్ల గోళ్లు మామూలయ్యాయి. మూడు నెలల షుగర్ సగటు 7.4కి దిగింది.

ఈ కేసు తర్వాత నా క్లినిక్‌లో మారినవి

కేసు షీటులో రెండు పాదాల బొమ్మ అచ్చు వేయించాను, పది గోళ్లతో. ఏ గోరు చెడిందో దాని మీదే గుర్తు పెడతాను, ఒక్కో గోరుకి ఒక్కో అనుమానం రాస్తాను. రెండు పాదాల్లో ఒకే వేళ్లు ఒకేలా చెడితే ముందు బూట్లు అడుగుతాను. ఒక్క గోరే చెడితే పాత దెబ్బ, ఎముక, గడ్డలు గుర్తు చేసుకుంటాను. చేతిగోళ్లు కూడా చెడితే సోరియాసిస్ వైపు చూస్తాను. గోరు గరిటెలా గుంటపడితే రక్తం పరీక్ష రాస్తాను, మన పల్లెల ఆడవాళ్లలో ఐరన్ తక్కువ కావడం మామూలే. అడ్డంగా గాడులు పడి అన్ని గోళ్లూ ఒకే ఎత్తులో చెడితే రెండు మూడు నెలల కిందట పెద్ద జ్వరం వచ్చిందా అని అడుగుతాను. వానాకాలం జ్వరాల తర్వాత దసరా, దీపావళి నాటికి ఇలాంటివి ఎక్కువగా వస్తాయి. వాటికి మందే అక్కర్లేదు, గోరు పెరిగితే పోతాయి. అరికాలు చూడకుండా కాలిగోరుకి చీటీ రాయను.

పరీక్ష నెగెటివ్ వస్తే "ఫంగస్ లేదు" అని కాదు, "ఈ ముక్కలో కనిపించలేదు" అని రాస్తున్నాను. అనుమానం బలంగా ఉంటే కొంతకాలం ఫంగస్ మందులేవీ లేకుండా చేసి మళ్లీ తీస్తున్నాను. పాజిటివ్ వచ్చినప్పుడు కూడా బూటు విప్పమంటున్నాను, ఎందుకంటే ఒరిపిడికి లేచిన గోరు కిందికి ఫంగస్ సులువుగా దూరుతుంది, బూటు మారకపోతే మళ్లీ దూరుతుంది. ఈయన ఎడమ గోరుకి కూడా దారి తెరిచింది బూటే అనుకుంటున్నాను, రుజువు చేయలేను.

ఆయన ఇప్పటికీ రెండు నెలలకోసారి వస్తాడు. బెంచీ మీద కూర్చుని కుడి బూటు విప్పుతాడు, మందం గోరు అరగదీస్తాం, పది నిమిషాల పని. పోయినసారి తోడు ఇంకో మనిషిని తెచ్చాడు, అదే బాయిలో పనిచేసే స్నేహితుడు. కుర్చీలో కూర్చోబెట్టి నాకన్నా ముందే ఆయన అడిగాడు: "లేసులు ఎట్ల కడతవ్ రా నువ్వు?"